తీరగ్రామ గృహాలలో సాలెపురుగులు: గుర్తింపు, అపోహలు, నిర్వహణ - మైపాడు నేపథ్యం

వ్యాససంగ్రహం:

ఇంటి గోడల మీద, మూలల్లో నివసించే సాలెపురుగులలో అత్యధికం మనిషికి హాని చేయనివి. అయినా చర్మం మీద కారణం తెలియని పొక్కు కనిపిస్తే నింద తరచుగా వాటి మీదే పడుతుంది. ఈ నింద వల్ల నష్టపోయేది సాలెపురుగు మాత్రమే కాదు. అసలు కారణాన్ని గుర్తించడంలో జాప్యం జరిగి రోగి కూడా నష్టపోతాడు. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలోని మైపాడు తీరగ్రామాన్ని నేపథ్యంగా తీసుకొని, ఇంటి సాలెపురుగులను గుర్తించే పద్ధతిని, వాటి చుట్టూ అల్లుకున్న భావనలను, కాటు నిర్ధారణకు కావలసిన ప్రమాణాలను, విషరసాయనాల అవసరం లేని నిర్వహణ మార్గాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సాలెపురుగు, లూత, బూజు, మైపాడు, గృహజీవావరణం, కాటు నిర్ధారణ, కట్లపాము, పైరెథ్రాయిడ్లు.

1. ఉపోద్ఘాతం:

మైపాడు బంగాళాఖాతం ఒడ్డున, పెన్నా డెల్టా అంచున ఉన్న గ్రామం. ఒకవైపు సముద్రం, మరోవైపు వరిపొలాలు, వాటి మధ్య రొయ్యల చెరువులు, సరుగుడు తోటలు ఈ ప్రాంతపు రూపురేఖలు. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుండి డిసెంబరు వరకు, నెల్లూరు తీరానికి వానలు ఎక్కువ. గాలిలో తేమ ఏడాది పొడవునా ఉంటుంది. ఇటువంటి చోట దోమ, ఈగ, బొద్దింక, చీమ ఇంటిలోకి రావడం సహజం. వాటిని తిని బతికే సాలెపురుగు వాటి వెంట రావడం కూడా అంతే సహజం. తాటాకు కప్పు, పెంకుల సందు, వలలు మడిచిపెట్టిన మూల, స్నానాల గది కిటికీ వంటి ప్రతి చోటా ఒక్కొక్క రకం సాలెపురుగుకు తావు దొరుకుతుంది.

ప్రపంచంలో శాస్త్రీయంగా వర్ణించిన సాలెపురుగు జాతుల సంఖ్య 2022లో 50,000 దాటింది. భారతదేశంలో నమోదైన జాతులను 2012నాటి జాబితా 1,686గా లెక్కించింది. వీటిలో మనుషుల ఇళ్ళకు అలవాటు పడినవి కొద్ది మాత్రమే. ఆ కొద్దింటిని గుర్తించడం నేర్చుకుంటే భయానికి, నిర్లక్ష్యానికి నడుమ ఉన్న సరైన వైఖరి ఏర్పడుతుంది.

2. పదం - భావన:

తెలుగులో 'సాలె' అంటే నేతపనివాడు. నేసే పురుగు కనుక 'సాలెపురుగు', 'సాలీడు' అనే పేర్లు ఏర్పడ్డాయి. సంస్కృతంలో 'ఊర్ణనాభం' అన్న పేరు కూడా నాభి నుండి దారం తీసే ప్రాణి అన్న పరిశీలనపైనే నిలిచింది. రెండు పేర్లూ పనిని చూసి పెట్టినవే; వాటిలో భయపు ఛాయ లేదు. మైపాడుకు నైరుతి దిక్కున ఉన్న శ్రీకాళహస్తి క్షేత్రనామంలో మొదటి అక్షరమైన 'శ్రీ' సాలెపురుగుకే సంకేతం. శివలింగానికి తన దారంతో గుడి అల్లిన భక్తజీవిగా స్థలపురాణం దానిని నిలిపింది.

దీనికి భిన్నమైన ధార వైద్యవాఙ్మయంలో కనిపిస్తుంది. సుశ్రుతసంహిత కల్పస్థానం 'లూత' అన్న పేరుతో పదహారు రకాల సాలెపురుగులను పేర్కొంది. వాటి విషం కోరలోనే గాక లాలాజలం, గోరు, మూత్రం, మలం మొదలైన వాటిలోనూ ఉంటుందని చెప్పింది. సాలెపురుగు ఒంటి మీద పాకితేనే పొక్కులు వస్తాయన్న నేటి జనవిశ్వాసానికి ఇటువంటి ప్రాచీన భావన దగ్గరగా ఉండడం గమనార్హం. ఆధునిక జంతుశాస్త్రం ప్రకారం సాలెపురుగు విషం కోరల ద్వారా మాత్రమే శరీరంలోకి వెళుతుంది. అది పాకడం వల్ల గాని, విసర్జించడం వల్ల గాని విషప్రభావం కలగదు.

'పురుగు' అన్న మాటనూ ఇక్కడ ప్రస్తావించాలి. పల్లెల్లో పాము పేరు ఎత్తడం ఇష్టం లేక 'పురుగు ముట్టింది' అనడం వాడుక. అదే మాట కీటకానికీ వర్తిస్తుంది, సాలెపురుగుకూ వర్తిస్తుంది. వాడుకలో మర్యాదగా నిలిచిన ఈ అస్పష్టత వైద్యుని ముందు మాత్రం ప్రమాదకరం కావచ్చు. ఆ విషయం ఆరవ విభాగంలో చర్చకు వస్తుంది.

'బూజు' మరొక ముఖ్యమైన పదం. సాలెపురుగు వదిలి వెళ్ళగా దుమ్ము పట్టిన పాత గూడు బూజు. పురుగు కాపురమున్నది సాలెగూడు. నిర్వహణ దృష్టితో ఈ భేదం అవసరం. బూజు దులిపినంత మాత్రాన సాలెపురుగు పోదు. బూజు కనిపించినంత మాత్రాన అక్కడ సాలెపురుగు ఉన్నట్టూ కాదు.

3. గుర్తింపుకు ఆధారాలు:

సాలెపురుగు కీటకం కాదు. కీటకానికి ఆరు కాళ్ళు, మూడు శరీరభాగాలు ఉంటాయి. సాలెపురుగుకు ఎనిమిది కాళ్ళు, రెండే శరీరభాగాలు. ముందుది శిరోవక్షం, వెనుకది ఉదరం. ఉదరం చివర దారం తీసే అవయవాలు ఉంటాయి. రెక్కలు గాని మీసాలు గాని ఉండవు. ముఖం దగ్గర కాళ్ళవలె కనిపించే చిన్న జత స్పర్శకు ఉపయోగపడుతుంది. మగవాటిలో దాని కొనలు ఉబ్బి ఉంటాయి.

ఇంటిలో కనిపించిన సాలెపురుగును కుటుంబస్థాయిలో గుర్తించడానికి నాలుగు ప్రశ్నలు చాలు. గూడు ఉందా, ఉంటే ఏ ఆకారంలో ఉంది? కాళ్ళు శరీరంతో పోలిస్తే ఎంత పొడవు? కళ్ళు ఎలా అమరి ఉన్నాయి? అలికిడి అయినప్పుడు అది ఏమి చేస్తుంది? రంగును మాత్రమే నమ్ముకోవడం సరికాదు. ఒకే జాతిలో ఆడ, మగ, పిల్ల వేర్వేరు రంగుల్లో ఉండవచ్చు. జాతిని కచ్చితంగా నిర్ధారించాలంటే సూక్ష్మదర్శిని కింద జననాంగాల నిర్మాణాన్ని పరిశీలించాలి. పోకాక్ 1900లో రచించిన సంపుటం, బి.కె. టికాదర్ 1987లో వెలువరించిన కరదీపిక భారతీయ సాలెపురుగుల అధ్యయనానికి ఇప్పటికీ తొలిమెట్లు.

4. ఇంటిలోని నిరపాయకర సాలెపురుగులు:

ఉష్ణమండలమంతటా మనుషుల ఇళ్ళను ఆశ్రయించి వ్యాపించిన కొన్ని రకాలు దక్షిణ భారత తీరానికి సుపరిచితాలు. వాటిలో ముఖ్యమైన ఐదింటిని కింద వివరించడమైనది.

4.1 పొడుగుకాళ్ళ సాలెపురుగు: కప్పు మూలల్లో, మంచం కింద, మెట్ల అడుగున చిందరవందరగా దారాలు అల్లి తలకిందులుగా వేలాడేది ఇదే. వీటిలో క్రాసోప్రైజా లయోనీ మన ఇళ్ళలో సాధారణం. ఉదరం పెట్టెలాగా కోణాలు తేలి, వెనుక కొనదేరి ఉంటుంది. ముట్టుకుంటే గూటిలోనే ఒళ్ళు గిర్రున ఊపుతుంది. శత్రువు కంటికి ఆనకుండా ఉండటానికే ఈ ఎత్తు. ఆడది గుడ్ల మూటను నోట కరచుకొని ఉంటుంది. డెంగీని వ్యాప్తి చేసే ఏడిస్ దోమలను ఇది వేటాడుతున్నదని థాయ్‌లాండ్ ఇళ్ళలో జరిగిన అధ్యయనం 1997లో వెల్లడించింది. ఈ కుటుంబపు సాలెపురుగులకు అతి తీవ్రమైన విషం ఉందని, కోరలు పొట్టివి కావడం వల్లనే మనిషి బతికిపోతున్నాడని వ్యాపించిన ప్రచారానికి ఆధారం లేదు.

4.2 వేటగాడు సాలెపురుగు: రాత్రివేళ గోడ మీద అరచేయంత వెడల్పున పరుచుకొని ఇంటిల్లిపాదినీ భయపెట్టేది హెటెరోపోడా వెనటోరియా. 1767లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయనామం ఇచ్చాడు. శరీరం బల్లపరుపు, రంగు గోధుమ, నడక పీతలాగా పక్కకు. ముఖం ముందు భాగాన లేత రంగు పట్టీ ఉంటుంది. ఇది గూడు అల్లదు, వెంటాడి పట్టుకుంటుంది. దీని ముఖ్యాహారం బొద్దింకలు. ఆడది బిళ్ళలాంటి గుడ్ల సంచిని పొట్ట కింద పెట్టుకొని తిరుగుతుంది. ఆ సమయంలో చేతితో పట్టుకోబోతే కరవవచ్చు. ఆ కాటు నొప్పి, వాపు కొద్దిసేపటికి తగ్గుతాయి.

4.3 గంతుల సాలెపురుగు: పగటిపూట కిటికీ దగ్గర, సున్నపు గోడల మీద కనిపించే చిన్న సాలెపురుగులివి. ముఖం ముందు రెండు పెద్ద కళ్ళు దీపాల్లాగా ఉంటాయి. మనిషి కదిలితే ఇది తిరిగి చూస్తుంది. ప్లెక్సిప్పస్ పేకులీ మగదానికి నల్లని ఒంటి మీద తెల్లని చారలుంటాయి. మెనెమెరస్ బైవిటాటస్ బూడిదరంగులో, పక్కల నల్లని పట్టీలతో గోడకు అంటుకున్నట్టు ఉంటుంది. ఈగలను పొంచి చూసి, దారపు ఆధారంతో ఎగిరి పట్టడం వీటి పద్ధతి.

4.4 గోడచుక్క సాలెపురుగు: రెండు మూడు మిల్లీమీటర్ల ఈకోబియస్ జాతులు గోడ గీతల్లో నక్షత్రంలాంటి చిన్న తెల్లని పరుపు అల్లుకుంటాయి. చీమ దగ్గరకు రాగానే దాని చుట్టూ పరుగెత్తుతూ దారం చుట్టి బంధిస్తాయి. గోడమీది మరకగా పొరబడి చాలామంది వీటిని గమనించరు.

4.5 విషగ్రంథి లేని సాలెపురుగు: చీకటి మూలల్లో అడ్డంగా పరచిన వలలో ఉండే జోసిస్ జెనిక్యులేటా ప్రత్యేకమైనది. ఇది చెందిన యులోబోరిడే కుటుంబానికి విషగ్రంథులే లేవు. పట్టిన పురుగును దారంతో గట్టిగా చుట్టి, జీర్ణరసంతో తడిపి తింటుంది. సాలెపురుగులన్నీ విషజీవులేనన్న సాధారణీకరణకు ఇంటి మూలలోనే దొరికే ప్రత్యుదాహరణ ఇది.

5. జాగ్రత్త అవసరమైనవి:

నిరపాయకరమైనవి ఎక్కువ అన్నంత మాత్రాన అన్నీ నిరపాయకరమని అర్థం కాదు. లాట్రోడెక్టస్ ప్రజాతికి చెందిన జాతులు భారతదేశంలో నమోదయ్యాయి. నిగనిగలాడే నల్లని గుండ్రటి ఉదరం, దాని మీద ఎర్రని గుర్తులు, నేలకు దగ్గరగా రాళ్ళ సందుల్లో, పొదల్లో గట్టి దారాల గూడు వీటి లక్షణాలు. కాటు వేస్తే నొప్పి గంటల తరబడి పెరుగుతుంది; చెమటలు, కండరాల బిగింపు కనిపిస్తాయి. ఇవి ఇంటి నడిమి గదుల కంటే బయటి కట్టెల మోపులు, రాళ్ళ కుప్పలకే చెందినవి.

రోమాలతో దట్టంగా ఉండే పెద్ద సాలెపురుగులు మరొక వర్గం. ఆంధ్రప్రదేశ్‌లోని గుత్తి వద్ద దొరికిన నమూనా ఆధారంగా 1899లో పోకాక్ వర్ణించిన నీలిరంగు పొయిసిలోథీరియా మెటాలికా వీటిలో ప్రసిద్ధం. శతాబ్దానికి పైగా కనిపించకుండా పోయి, నంద్యాల - గిద్దలూరు అడవిలో 2001లో మళ్ళీ దొరికింది. చెట్ల తొర్రలలో ఉండే ఈ జాతి తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నది. తీరగ్రామపు ఇళ్ళకు ఇది రాదు. మనిషికి దానివల్ల కలిగే ముప్పు కంటే, మనిషివల్ల దానికి కలుగుతున్న ముప్పే పెద్దది.

6. కాటు నిర్ధారణ - నింద ఎవరిది?

సాలెపురుగు కాటు అని చెప్పడానికి మూడు ఆధారాలు కావాలి. కరుస్తుండగా చూడడం ఒకటి. ఆ పురుగును పట్టి భద్రపరచడం రెండవది. తెలిసిన నిపుణుడు దానిని గుర్తించడం మూడవది. ఆస్ట్రేలియాలో ఇజ్బిస్టర్, గ్రే ఈ ప్రమాణాలతో 750 నిర్ధారిత కాట్లను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో ఒక్కదానివల్ల కూడా చర్మం కుళ్ళిన పుండు ఏర్పడలేదు. అదే సంవత్సరం అమెరికాలోని కాన్సాస్‌లో ఒక ఇంట్లో ఆరు నెలల్లో 2,055 బ్రౌన్ రిక్లూజ్ సాలెపురుగులు దొరికాయని, ఆ ఇంట ఒక్కరికీ విషకాటు నమోదు కాలేదని వెటర్, బార్గర్ ప్రకటించారు. బ్రౌన్ రిక్లూజ్ నిజంగా హాని చేయగల జాతి. దానితో కలిసి బతికిన ఇంటి అనుభవమే ఇదైతే, నిరపాయకర జాతుల మీద మోపే నిందలను మరింత జాగ్రత్తగా పరిశీలించాలి.

మైపాడు వంటి ప్రాంతంలో ఈ నింద వెనుక దాగే అసలు కారణాలు ముఖ్యంగా మూడు.

మొదటిది పీడెరస్ పురుగు. నలుపు, నారింజ రంగుల్లో చీమను పోలిన ఈ చిన్న కీటకం వరిపొలాల్లో దోమపోటు వంటి చీడలను తిని రైతుకు మేలు చేస్తుంది. రాత్రి దీపాల వెలుతురుకు ఇళ్ళలోకి వస్తుంది. ఇది కుట్టదు, కరవదు. ఒంటి మీద నలిగినప్పుడు దానిలోని పెడెరిన్ అనే రసాయనం చర్మానికి అంటుతుంది. ఒకటి రెండు రోజుల తరువాత కొరడా దెబ్బలాగా ఎర్రని గీత, మంట, నీటిపొక్కులు వస్తాయి. నలిగిన క్షణం గుర్తుండదు. పొక్కు వచ్చిన నాడు ఎదురుగా గోడ మీద సాలెపురుగు ఉంటుంది. నింద దానిమీదకు పోతుంది.

రెండవది సర్పి. చిన్ననాడు వచ్చిన ఆటలమ్మ వైరస్ నరాలలో నిద్రాణంగా ఉండి, వయసు మీరాక గాని రోగనిరోధకశక్తి తగ్గినప్పుడు గాని మేల్కొంటుంది. శరీరంలో ఒకే పక్క, పట్టీలాగా నొప్పితో నీటిపొక్కులు వస్తాయి. పొక్కులు వచ్చిన 72 గంటలలోపు వైరస్‌ను అణచే మందు మొదలుపెడితే ప్రయోజనం ఎక్కువ. సాలెపురుగు పాకిందని పసర్లు పూస్తూ గడిపే మూడు రోజులు సరిగ్గా ఆ విలువైన మూడు రోజులే. కంటి దగ్గర వచ్చిన సర్పిని నిర్లక్ష్యం చేస్తే చూపుకే ప్రమాదం.

మూడవది, అన్నిటికంటే తీవ్రమైనది, కట్లపాము. ఇది రాత్రివేళ నేల మీద నిద్రించేవారిని కరుస్తుంది. కాటు గుర్తు చీమ కుట్టినంతగా కూడా కనిపించకపోవచ్చు, నొప్పి ఉండకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. 'ఏదో పురుగు ముట్టింది' అన్న మాటతో, పక్కనే కనిపించిన సాలెపురుగును కారణంగా భావించి సంతృప్తి పడితే ప్రాణం పోతుంది. రాత్రి నిద్రలో ఏదో కరిచిందన్న అనుమానం, పై లక్షణాలలో ఏ ఒక్కటైనా ఉంటే అది పాముకాటుగానే భావించి, విషహర సూది ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి.

7. ఇంటి నిర్వహణ:

సాలెపురుగు ఇంటిలో ఉండడానికి కారణం ఆహారం, ఆశ్రయం. ఈ రెండింటినీ తగ్గిస్తే దాని సంఖ్య తనంతట తగ్గుతుంది. బొద్దింకలు చేరే తడి మూలలు, దోమలు పుట్టే నిలవనీరు, రాత్రంతా వెలిగే వసారా దీపం పురుగులను రప్పిస్తాయి. దీపాన్ని గుమ్మానికి ఎడంగా మార్చడం, పసుపురంగు బల్బు వాడడం, కిటికీలకు జాలీ బిగించడం, తలుపు కింది సందు మూయడం తొలి చర్యలు. దీపం విషయంలో తీసుకున్న జాగ్రత్త పీడెరస్ రాకను కూడా తగ్గిస్తుంది.

బూజుకర్రతో వారానికొకసారి మూలలు దులపడం తరతరాల పద్ధతి. నేటికీ అదే ఉత్తమం. గూటితో పాటు గుడ్ల సంచిని కూడా తీసివేయాలి. వలలు, తాళ్ళు, ఎండుచేపల బుట్టలు, వాడని చెప్పులు తీసేముందు ఒకసారి విదలించాలి. కట్టెల మోపు గోడకు ఆనించకుండా ఉంచాలి. వానల రోజుల్లో నీరు చేరినప్పుడు నేలమీది జీవులన్నీ ఎత్తైన చోటు వెతుకుతాయి. 2010 వరదల్లో పాకిస్తాన్‌లోని సింధు ప్రాంతంలో చెట్లన్నీ సాలెగూళ్ళతో తెల్లని ముసుగు వేసుకున్నట్టు కనిపించడానికి కారణమిదే. తుపాను తరువాత ఇంట్లో సాలెపురుగులు ఎక్కువగా కనిపించడం తాత్కాలికం.

పెద్ద వేటగాడు సాలెపురుగును పంపించడానికి వెడల్పు మూతి డబ్బా, ఒక అట్టముక్క చాలు. పురుగు మీద డబ్బా బోర్లించి, అట్టను గోడకు ఆనించి కిందుగా జరిపి, బయట చెట్టు మొదట వదలాలి. చేతితో పట్టరాదు.

పురుగుమందు చల్లడం సాలెపురుగు విషయంలో అంతగా ఫలించదు. గోడకు పూసిన మందు మీద నడిచే పురుగుకే అది అంటుతుంది. దారం మీద వేలాడే సాలెపురుగు ఆ గోడను తాకడమే తక్కువ. తాత్కాలికంగా చచ్చినా, ఆహారం ఉన్నంతకాలం బయటినుండి కొత్తవి వస్తాయి. మైపాడు పరిసరాలకు మరొక ప్రత్యేకమైన కారణం ఉన్నది. ఇళ్ళలో వాడే పైరెథ్రాయిడ్ మందులు చేపలకు, అంతకు మించి రొయ్యలు, పీతల వంటి పెంకుజీవులకు అత్యంత విషపూరితమైనవి. మందు చల్లిన పాత్ర కడిగిన నీరు కాలువలో కలిస్తే అది చెరువుకు చేరగలదు. గోడమీది సాలెపురుగు కోసం చల్లిన మందు రొయ్యకు తగిలితే నష్టం ఇంటి గోడల మధ్య ఆగదు.

8. కాటు పడితే:

కరిచిన చోటును సబ్బుతో కడిగి, చల్లని గుడ్డ పెట్టాలి. కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం చేయరాదు. వీలైతే పురుగును సీసాలో పట్టి వైద్యునికి చూపాలి. పట్టడం కుదరకపోతే ఫొటో తీయాలి. ధనుర్వాతం టీకా గడువు చూసుకోవాలి. నొప్పి పెరుగుతూ పోవడం, చెమటలు, కండరాల బిగింపు, ఊపిరి ఇబ్బంది, జ్వరంతో ఎరుపు వ్యాపించడం ఉంటే ఆసుపత్రికి వెళ్ళాలి. మధుమేహం ఉన్నవారు కాలిమీది ఏ పుండునూ 'పురుగు కాటు' అని వదిలేయరాదు.

2012లో అస్సాంలోని సాదియా ప్రాంతంలో సాలెపురుగు కాట్ల పేరిట పెద్ద భయాందోళన చెలరేగింది. మరణాలకు సాలెపురుగు విషమే కారణమన్నది నిర్ధారణ కాలేదు. బాధితులు ఆసుపత్రికి ముందు నాటువైద్యుల వద్దకు వెళ్ళినట్టు వార్తలు వచ్చాయి. కాటు కంటే కాటుకు చేసే తప్పుడు చికిత్స ప్రమాదకరం కాగలదన్న హెచ్చరిక ఈ ఉదంతంలో ఉన్నది.

ముగింపు:

- తీరగ్రామపు ఇళ్ళలో సాధారణంగా కనిపించే సాలెపురుగులను గూడు, కాళ్ళ పొడవు, కళ్ళ అమరిక, ప్రవర్తన అనే నాలుగు ఆధారాలతో కుటుంబస్థాయిలో గుర్తించవచ్చు.
- సాలెపురుగు పాకితే పొక్కులు వస్తాయన్న భావన ప్రాచీన వైద్యవాఙ్మయంలోని లూతవిష వర్ణనకు దగ్గరగా ఉన్నది. ఆధునిక పరిశీలన దానిని సమర్థించడం లేదు.
- సాలెపురుగు మీద వేసే నింద పీడెరస్ చర్మదాహాన్ని, సర్పిని, కొన్ని సందర్భాల్లో కట్లపాము కాటును సైతం కప్పిపుచ్చుతుంది. కనుక చూడకుండా, పట్టకుండా 'సాలెపురుగు కాటు' అని తేల్చరాదు.
- బూజుకర్ర, జాలీ, దీపం స్థానం, డబ్బా - అట్టముక్క అనే సాధారణ సాధనాలు నిర్వహణకు సరిపోతాయి. రొయ్యల సాగు ఉన్న చోట విషరసాయనాల వాడకం ఇంటికీ, ఊరి ఆదాయానికీ నష్టం.
- స్థానిక పేర్లు, వాడుకలు, నమ్మకాలను సేకరించడం తెలుగు అధ్యయనశాఖల పని. జాతులను నమోదు చేయడం జంతుశాస్త్ర శాఖల పని. నెల్లూరు తీరంలోని కళాశాలలు ఈ రెండింటినీ కలిపి విద్యార్థుల ప్రాజెక్టులుగా చేపడితే, 'పురుగు' అన్న ఒక్క మాట చాటున కలిసిపోయిన జీవులను విడదీసి చూపే ప్రాంతీయ కరదీపిక రూపొందుతుంది. అది వైద్యునికి, గృహస్థునికి, పరిశోధకునికి సమానంగా ఉపకరిస్తుంది.